ఉమ్ సలాల్‌లో కట్టిన కొండవీధి

మా మేనకోడలి కూతురికి ఖతర్‌లో, లుసైల్ అనే ఊళ్ళో, సర్వే విభాగంలో ఉద్యోగం దొరికింది. ఆ మాట చెప్పడానికి మొన్న కాకినాడ వచ్చింది. కాళ్ళకి దణ్ణం పెట్టి లేచీ లేవకముందే, "తాతయ్యా, మీ రోజుల్లో శాటిలైట్లూ అవీ లేకుండా ఎత్తుపల్లాలు ఎలా పట్టేవారు?" అని అడిగింది. ఎలా పట్టేవాళ్ళమో చెప్పాను. ఎలా తప్పేవాళ్ళమో చెప్పబోయేసరికి వాళ్ళమ్మ భోజనానికి పిలిచింది. చెప్పకుండా మిగిలిపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నేను ఖతర్‌లో ఇరవై రెండేళ్ళు లెవెల్ సర్వేయరుగా పనిచేశాను. పని చాలా చిన్నది. మూడు కాళ్ళ స్టాండు మీద ఒక దుర్భిణి లాంటి లెవెల్ ఉంటుంది. ఎదురుగా ఒక మనిషి అంకెలు వేసిన నిలువు కర్ర పట్టుకుని నిలబడతాడు. ఆ కర్రను స్టాఫ్ అంటాం. దుర్భిణిలో కనిపించిన అంకె పుస్తకంలో రాసుకోవాలి. అంకె పెద్దదైతే అక్కడ నేల పల్లం, చిన్నదైతే మెరక. ఈ విద్య వారం రోజుల్లో ఎవరికైనా వస్తుంది. మిగతా ఇరవై రెండేళ్ళూ నాకు దేనికి పట్టాయంటే, ఆ కర్ర ఎక్కడ పెట్టమనాలో తెలుసుకోవడానికి.

ఇంకొక్క నియమం. లెవెల్ బుక్కులో రబ్బరు వాడకూడదు, అంకె మీద అంకె దిద్దకూడదు. తప్పు రాస్తే అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన ఒప్పు రాసి, సంతకం పెట్టాలి. పాలిటెక్నిక్‌లో మా లెక్చరరు ఈ నియమం ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. నేను దాన్ని ఒక్కసారే తప్పాను. ఆ ఒక్కసారి కథే ఇది.

చదునైన నేలకు మెట్లు

నేను వెళ్ళినప్పుడు చమురు ధర కొండెక్కి కూర్చుంది. దోహా అంతా తవ్వకాలే. పొద్దున ఏదైనా గోడ మీద ఎత్తుకి గుర్తుగా బెంచ్ మార్క్ గీస్తే, సాయంత్రానికి ఆ గోడ ఉండేది కాదు. మా మేనేజరు పేరు నబీల్. ఏ దేశం మీది అని అడిగితే "సైటే నా దేశం" అనేవాడు. నిద్రలో కూడా "యల్లా, యల్లా" అంటాడని క్యాంపులో చెప్పుకునేవారు. మనిషి చెడ్డవాడు కాదు. తొందర మనిషి. అప్పుడు అందరం తొందర మనుషులమే.

ఒకరోజు నబీల్ నన్ను జీపెక్కించుకుని దోహాకి ఉత్తరాన ఉన్న ఉమ్ సలాల్ తీసుకెళ్ళాడు. అక్కడ అబూ ఖాలిద్ అనే ఆయనకు ఖర్జూరాల తోట ఉంది. ఆయన తండ్రి ముత్యాలు అమ్మడానికి బొంబాయి వచ్చిపోయేవాడట. ఆ అలవాటున కొడుక్కి హిందీ బాగా వచ్చు. మేం వెళ్ళేసరికి ఆయన తోట మధ్య చాప మీద కూర్చుని ఉన్నాడు.

"నాకు ఇక్కడ ఒక కొండవీధి కావాలి" అన్నాడు.

నబీల్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. కనుచూపు మేర చేటంత మెరక కూడా లేదు.

ఆయన అంతకు కొన్నేళ్ళ ముందు బోట్లు కొనడానికి ఇటలీ దక్షిణాన ఒక చిన్న ఊరికి వెళ్ళాడు. కొండ మీద ఊరు, కింద సముద్రం. రెండో రోజే మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆరు వారాలు ఒక ముసలామె ఇంట్లో, పైగదిలో కిటికీ పక్కన మంచం మీద ఉన్నాడు. నొప్పి తగ్గింది గానీ ఆ గది మాత్రం ఆయన్ని వదల్లేదు.

"మా దేశంలో దేన్నైనా చూడాలంటే దాని దగ్గరికి వెళ్ళాలి. అక్కడ పడుకుని ఉంటే చాలు, ఊరూ సముద్రమూ అవే మన దగ్గరికి వస్తాయి" అన్నాడు. ఊరంతా అక్కర్లేదు, ఆ ముసలామె వీధి ఒక్కటి చాలన్నాడు. పైనున్న ఇళ్ళు పిల్లలకు. అందరికంటే కింది ఇల్లు తన తల్లికి, ఆవిడ మెట్లెక్కలేదు కనక.

నేను ఎన్ని మెట్లు, వీధి ఎంత వెడల్పు, ఇళ్ళు ఎన్ని అని అడిగాను. మంచం మీద ఉన్న మనిషికి అవేం తెలుస్తాయి! "వెళ్ళి కొలుచుకు రా" అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. విమానం టికెట్ చేతికొచ్చిన మనిషికి ప్రశ్నలు తట్టవు.

మామ్మగారి చీపురు

జూలైలో వెళ్ళాను. కాకినాడలో పుట్టినవాణ్ణి, సముద్రం కొత్త కాదు. కానీ సముద్రాన్ని తల వంచి చూడటం అదే మొదలు. ఒకరి ఇంటి కప్పు ఇంకొకరి వాకిలి. వీధి అంటే వీధంతా మెట్లే. నలభై మూడు మెట్లు, అటూ ఇటూ కలిపి తొమ్మిది ఇళ్ళు. మొదటి రోజు పని మానేసి పదిసార్లు ఎక్కి దిగాను. ఈ ఇళ్ళకి మంచాలు ఎలా మోసుకొచ్చారో, పెళ్ళిళ్ళకి వంటపాత్రలు ఎక్కడ దించుతారో, అన్నీ తెలుసుకోవాలనిపించింది. భాష రాదు. అందుకని అన్నీ చూస్తూ కూర్చున్నాను.

స్టాఫ్ పట్టుకోవడానికి ఊళ్ళో ఎవరినైనా పెట్టుకోమన్నారు. అబూ ఖాలిద్ పంపిన మనిషినని తెలియగానే ఆ ముసలామె తనే వచ్చి కర్ర అందుకుంది. డెబ్బై ఏళ్ళుంటాయి. నల్ల గౌను, తలకి గుడ్డ. ఆవిడ తన భాషలో మాట్లాడేది, నేను "మామ్మగారూ, కాస్త ఎడమకి" అని తెలుగులో అనేవాణ్ణి. పన్నెండు రోజులు మా ఇద్దరికీ పని బాగానే సాగింది.

ఒక్క విషయంలోనే పేచీ. ఆ వీధి మధ్యలో, పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా, జానెడు వెడల్పున ఒక కాలువ చెక్కి ఉంది. ప్రతి మెట్టు దగ్గరా నేను కర్రను మెట్టు అంచున పెట్టమంటే, ఆవిడ ముందు కాలువ అడుగున పెట్టేది. నేను చెయ్యి ఊపేవాణ్ణి. విసుక్కుంటూ అంచు మీదికి జరిపేది. తర్వాతి మెట్టు దగ్గర మళ్ళీ కాలువలోనే. ముసలితనం, మాట బుర్రకెక్కడం లేదనుకున్నాను. ఎవరి బుర్రకెక్కలేదో తర్వాత తెలిసింది.

రోజూ పొద్దున్నే ఆవిడ చీపురు తెచ్చి తన గుమ్మం దగ్గర నుంచి కింది ఇంటి గుమ్మం దాకా ఆ కాలువ ఊడ్చేది. అక్కడి నుంచి కింది ఇంటివాళ్ళు ఊడ్చేవారు. అలా తొమ్మిది ఇళ్ళూ. ఒకరోజు నా స్టాండు కాలొకటి కాలువలో పెట్టాను. ఆవిడ చీపురుతో నా చీలమండ మీద ఒక్కటేసింది. నేను నవ్వి, కర్రను కాలువలో ఆనించి నిలబడ్డ ఆవిడని ఒక ఫోటో తీసుకున్నాను. ఆ పన్నెండు రోజుల్లో అక్కడ ఒక్క చినుకు పడలేదు. అది వంటింటి మురుగు పోయే దారి కాబోలు అనుకున్నాను. వీధి కింద ఇనుప జల్లెడ వేసిన కంత ఒకటి ఉంటే దాన్నీ అదే ఖాతాలో వేశాను.

నా లెవెల్ బుక్కులో మెట్ల అంచులున్నాయి, గుమ్మాలున్నాయి, కిటికీలున్నాయి. కాలువ అడుగుది ఒక్క అంకె కూడా లేదు.

డ్రాయింగులో లేదు

లారీల కొద్దీ రాయీ మట్టీ తోలి, పొరపొరగా రోలరు తొక్కించి, తోట ఒడ్డున రెండంతస్తుల ఎత్తు గుట్ట లేపారు. దాని మీద వీధి లేచింది. కింద మాత్రం ఒక మార్పు చేశాం. ఇటలీలో ఆ వీధి కింద రోడ్డులో కలుస్తుంది. ఇక్కడ ఆడవాళ్ళు తిరిగే చోటు కాబట్టి అడ్డంగా ఎత్తు ప్రహరీ పెట్టాం.

రాతిపని చేసింది లచ్చన్న. జగిత్యాల దగ్గరి పల్లె. మేం తాపీ మేస్త్రీ అంటాం, వాళ్ళు సుతారి అంటారు. ఒక్కడే వచ్చి, తన పని చూపించి, తన ఊరివాళ్ళనే ఏడుగురిని పిలిపించుకున్నాడు. వాళ్ళ ఇళ్ళలో అందరూ "మావోడు దుబాయ్‌ల ఉన్నడు" అనే చెప్పుకునేవారట. లచ్చన్న దిద్దబోతే, "ఏదైతేంది, నువ్వు ఉన్నవ్ గద" అన్నారట. ఆ ఏడుగురూ దేశాన్ని చూసి రాలేదు, లచ్చన్నని చూసి వచ్చారు.

సైట్ క్యాబిన్‌లో గోడకి నేను తెచ్చిన ఫోటోలు అతికించాను. లచ్చన్న రోజూ టీ తాగుతూ వాటిని చూసేవాడు. ఒకరోజు ముసలామె ఫోటో దగ్గర ఆగాడు.

"సారూ, గీ నడిమిట్ల గీత ఏంది? నీళ్ళ బాట లెక్క ఉన్నది."

"వంటింటి నీళ్ళు పోవడానికి. మనకి పైపులున్నాయిగా" అన్నాను.

"వాననీళ్ళు గూడ గండ్లకెల్లే పోతయేమో సార్."

"ఈ దేశంలో వానెక్కడిది లచ్చన్నా?"

"తక్కువనే సార్. కానీ వచ్చిననాడు నేల తాగదు. నిరుడు మా క్యాంపుల చెప్పులన్నీ తేలినయ్."

ఆ వీధి డ్రాయింగు గీసింది నా అంకెలతో. అందులో తప్పు పట్టాడని ఒంటికి కారం రాసుకున్నట్టయింది. "డ్రాయింగులో లేదు. డ్రాయింగులో ఉన్నది కట్టు" అన్నాను. లచ్చన్న టీ కప్పు కడుక్కుని వెళ్ళిపోయాడు. డిప్లొమా ఉన్నవాడు మేస్త్రీతో అనగలిగిన మాటల్లో ఇంతకంటే తేలికైనదీ, ఇంతకంటే బరువైనదీ ఇంకోటి లేదు.

అసలు ఆ తోట అక్కడ ఎందుకుందో కూడా నేను ఆలోచించలేదు. అరుదుగా పడే వాన చుట్టుపక్కల మట్టినంతా కడిగి తెచ్చి పోసే పల్లం కాబట్టే అక్కడ ఖర్జూరం బతుకుతోంది. తోటలో పనివాళ్ళని ఎవరిని అడిగినా చెప్పేవారు. అడగందే అమ్మైనా పెట్టదు, మరి నేను ఎవరినీ అడగలేదు.

పని పూర్తయ్యాక అబూ ఖాలిద్ వీధి చూడటానికి వచ్చాడు. ఎక్కాడు, దిగాడు. పైగదిలో కిటికీ పక్కన మంచం వేయించుకుని కాసేపు పడుకున్నాడు. దూరాన సముద్రం ఒక గీతలా కనిపిస్తోంది. లేచి వచ్చి, "అంతా ఉంది, ఏదో లేదు" అన్నాడు. నేను గబగబా లెవెల్ బుక్కు తీసి, మెట్టు మెట్టుకీ అంకె చూపించి, అంగుళం తేడా లేదన్నాను. పాపం, ఆయన తలూపాడు.

గంటన్నర వాన

నేను ఇటలీ వెళ్ళొచ్చిన మరుసటి ఏడాది డిసెంబరులో ఒకరోజు పొద్దున పది దాటాక వాన మొదలైంది. నేను అబూ హమూర్‌లో వేరే సైటులో ఉన్నాను. మొదటి అరగంటా అందరం బయటికొచ్చి తడిసి నవ్వుకున్నాం. వాన ఆగలేదు. ఇంకో పావుగంటకి నా ఒంట్లో నవ్వు పోయింది. నలభై మూడు మెట్లూ, తొమ్మిది ఇళ్ళ కప్పులూ, కింద అడ్డంగా గోడా కళ్ళ ముందు కనిపించాయి.

నేను ఉమ్ సలాల్ చేరేసరికి వాన వెలిసింది. జరిగింది తర్వాత తలా ఒక ముక్కా చెప్పారు. నీళ్ళు వీధి వెడల్పునా పొంగి, మెట్టు మెట్టూ దూకి, కింద ప్రహరీకి తగిలి వెనక్కి తిరిగాయి. అన్నిటికంటే కింద ఉన్న అబూ ఖాలిద్ తల్లి ఇంటి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాయి. ఆవిడ మంచం మీద ఉంది. లచ్చన్న పై ఇంటి దగ్గర చిన్నచిన్న మరమ్మతులు చేస్తూ కేకలు విని పరుగెత్తాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడట, పరాయి ఆడమనిషి గది కదా. ఆవిడే రెండు చేతులూ చాపింది. వీపున ఎత్తుకుని పై ఇంట్లో దింపి, మళ్ళీ కిందికొచ్చి, గడ్డపార తీసుకుని ప్రహరీకి కంత కొట్టాడు. నడుము దాకా వచ్చిన నీళ్ళు ఆ కంతలోంచి తోటలోకి పోయాయి.

నబీల్ వచ్చి మొదట చూసింది ఆ కంతనే. "గోడ ఎవరు పగలగొట్టమన్నారు?" అన్నాడు.

"గోడ మల్ల కట్టొచ్చు సార్. అమ్మను మల్ల తేలేం గద" అన్నాడు లచ్చన్న, వచ్చీరాని హిందీలో.

ఒకటి ఏడైంది

మర్నాడు నబీల్ నన్ను క్యాబిన్‌కి పిలిచాడు. కింది ఇంటి గుమ్మం మళ్ళీ లెవెల్ తీయమన్నాడు. తీశాను. స్టాఫ్ రీడింగ్ 1.41 మీటర్లు. డ్రాయింగులో ఎంత ఉండాలో అంతే. లచ్చన్న పని వేలెడు కూడా తప్పలేదు.

"అంతే ఎలా అవుతుంది? గుమ్మం పల్లంగా కట్టాడు కాబట్టే నీళ్ళొచ్చాయి" అన్నాడు నబీల్. "డ్రాయింగు తప్పంటే నేనూ నువ్వూ ఇద్దరం పోతాం. మేస్త్రీ తప్పంటే ఒక్కడు పోతాడు. రేపు అబూ ఖాలిద్ వస్తాడు. పుస్తకం సరిచూసి పెట్టు. ఖలాస్."

"వాడి వెనక ఏడుగురున్నారు" అన్నాను.

"వాళ్ళ సంగతి తర్వాత చూద్దాం."

తర్వాత అంటే ఏమిటో నాకు తెలుసు. పని చేతకాని వాడని కాగితం రాసి పంపిస్తే లచ్చన్నని మళ్ళీ ఏ కంపెనీ రానివ్వదు. అతని పేరు చెప్పుకుని వచ్చిన ఏడుగురూ చెట్టుకొకరు పుట్టకొకరు అవుతారు. నబీల్ వెళ్ళిపోయాడు. నేను పుస్తకం ముందు కూర్చున్నాను. ఒకటికి తల మీద చిన్న గీత, నడుము మీద ఇంకో గీత చేరిస్తే ఏడవుతుంది. 1.41 కాస్తా 1.47 అవుతుంది. అంకె పెరిగితే నేల పల్లమని మొదటే చెప్పాను కదా. ఆరు సెంటీమీటర్ల పల్లం. ఒక మనిషిని ఇంటికి పంపడానికి అది చాలు.

పెట్టేశాను. భయపడ్డాను కాబట్టి పెట్టాను. ఇంకో కారణమేదీ లేదు. వయసు, ఒత్తిడి, పై అధికారి అని తర్వాత నాకు నేను చాలా చెప్పుకున్నాను, ఒక్కటీ నిలవలేదు. తలెత్తితే గోడ మీద ఫోటోలో మామ్మగారు కర్రని కాలువలో ఆనించి నన్నే చూస్తోంది.

మర్నాడు పై ఇంటి ముందు చాపలు పరిచారు. అబూ ఖాలిద్, నబీల్, నేను కూర్చున్నాం. లచ్చన్న దూరంగా నిలబడ్డాడు, వెనక అతని మనుషులు. గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, వచ్చింది. మామూలుగా మొదటి కప్పు పెద్దమనిషికి ఇస్తారు. పోసేవాడు అందరినీ దాటుకుని వెళ్ళి లచ్చన్న ముందు నిలబడ్డాడు. "పెద్దావిడ ముందు ఇతనికి ఇమ్మంది" అన్నాడు. లచ్చన్న చెయ్యి తుడుచుకుని తీసుకున్నాడు.

"నా తల్లిని మోసినవాడు" అన్నాడు అబూ ఖాలిద్. "ఆ ఋణం వేరు. కానీ పని చెడగొట్టి ఉంటే అదీ తెలియాలి. లెవెల్ తీసింది నువ్వు. చెప్పు, తప్పు ఇతనిదా?"

పుస్తకం నా ఒళ్ళో ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి ఆ పేజీ మీదికి పోయింది. నబీల్ నా వైపు చూడలేదు. లచ్చన్న చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంటే ఏమయ్యేదో తెలీదు. అది లేదు. రీడింగ్ ఎంతొచ్చిందో తెలుసుకుందామని చూసే పనివాడి చూపది.

పుస్తకం తెరిచాను. జేబులోంచి పెన్ను తీసి 1.47 మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన 1.41 అని రాసి, సంతకం పెట్టి, ఆ పేజీ అబూ ఖాలిద్ ముందు పెట్టాను. "నిన్న దిద్దింది నేనే. గుమ్మం సరిగ్గానే ఉంది. తప్పు నాది" అన్నాను. కాలువ సంగతి, ముసలామె కర్ర పెట్టిన చోటు, లచ్చన్న అడిగిన ప్రశ్న, నేను ఇచ్చిన జవాబు, అన్నీ వరసగా చెప్పాను. నబీల్ దిద్దమన్నాడని మాత్రం చెప్పలేదు. దిద్దిన చెయ్యి నాది.

అబూ ఖాలిద్ క్యాబిన్ నుంచి ముసలామె ఫోటో తెప్పించుకుని, కాలువ మీద వేలు పెట్టాడు.

"ఈ కాలువలో నీళ్ళు పారేవా?"

"పారే ఉంటాయి. నేను వెళ్ళింది వేసవిలో."

"నేను ఉన్నది చలికాలం" అన్నాడు మెల్లగా. "రోజు మార్చి రోజు వాన. కిటికీ కింద ఏదో గలగలమని, ఒక్క క్షణం ఆపకుండా... ఆ చప్పుడుకే నొప్పి మరచి నిద్రపోయేవాణ్ణి. లేచి చూడలేను కదా. అది దేని చప్పుడో నేను ఎవరినీ అడగలేదు. నువ్వూ నన్ను అడగలేదు."

అంతా ఉంది, ఏదో లేదు అన్నాడే, అదే ఇది. ఇటలీ దాకా వెళ్ళి ఆ మనిషి కోరుకున్న ఒక్కదాన్నీ వదిలేసి మిగతాదంతా అంగుళం తేడా లేకుండా మోసుకొచ్చాను.

ఆయన లచ్చన్న వైపు తిరిగి, "నువ్వు చెయ్యగలవా?" అన్నాడు.

"నెల దినాలు కావాలె సాబ్. గా గోడ కంత మాత్రం మూయొద్దు. నీళ్ళు చెట్లకు పోతయ్" అన్నాడు లచ్చన్న.

కర్ర పట్టుకున్న ఆరు నెలలు

నా ఉద్యోగం పోలేదు. పోయినా అనడానికేమీ లేదు. నబీల్ వేరే సర్వేయరుని తెచ్చి, ఆరు నెలలు నా చేత అతనికి స్టాఫ్ పట్టించాడు. అవమానించాలనే చేశాడు. కానీ చెప్పనా, నేను నేర్చుకున్నదంతా ఆ ఆరు నెలల్లోనే. దుర్భిణి వెనక ఉన్నవాడికి అంకె కనిపిస్తుంది. కర్ర పట్టుకున్నవాడికి కాళ్ళ కింద నేల తెలుస్తుంది. ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడ తడి ఆరలేదో, చీమలు ఎటు పోతున్నాయో తెలుస్తుంది. నన్నడిగితే ఏ సర్వేయరుకైనా మొదటి ఆరు నెలలూ చేతికి కర్రే ఇవ్వాలి.

లచ్చన్న కాలువ చెక్కుతుంటే కొత్త సర్వేయరు వాలు సరిచూశాడు. అన్ని మెట్ల దగ్గరా బాగుందన్నాడు. లచ్చన్న పైకెక్కి ఒక బకెట్ నీళ్ళు పోశాడు. నీళ్ళు ఇరవై ఆరో మెట్టు దాకా చక్కగా వచ్చి, అక్కడ నిలిచి, చుట్టూ చూస్తున్నట్టు తిరిగాయి. సర్వేయరు తన పుస్తకం చూపించాడు. "నీళ్ళకు మీ పుస్తకం సదువరాదు సార్" అన్నాడు లచ్చన్న. కూర్చుని, అక్కడ గోరంత చెక్కాడు. నీళ్ళు కదిలాయి. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఆ రోజు దాకా అది నా వృత్తికి సంబంధించిన సామెత అనుకోలేదు.

కాలువ పూర్తయ్యాక అబూ ఖాలిద్ ఇంటింటికీ ఒక చీపురు ఇప్పించాడు. ఎవరి గుమ్మం నుంచి వాళ్ళు కింది గుమ్మం దాకా ఊడ్చాలి. ఇటలీ మామ్మగారి పద్ధతే. పిల్లలు నవ్వారు. ఆయన తల్లి మాత్రం తన వంతు ఎవరికీ ఇవ్వలేదు.

తర్వాత ఏడాది చలికాలంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. డ్యూటీ లేదు. ఎవరూ పిలవకుండానే టాక్సీ పట్టుకుని ఉమ్ సలాల్ వెళ్ళాను. నేను దిగేసరికి వాన జోరందుకుంది. లచ్చన్న అప్పటికే కింద నిలబడి ఉన్నాడు, తల మీద సిమెంటు సంచి కప్పుకుని. అతన్నీ ఎవరూ పిలవలేదు. మూల ఇంటి చూరు కింద ఇద్దరం నిలబడ్డాం.

నీళ్ళు పై నుంచి కాలువ పట్టుకుని గలగలమంటూ దిగి, మా ముందు నుంచి వెళ్ళి, ఆ కంతలోంచి ఖర్జూరాల్లోకి పోతున్నాయి. పైగది కిటికీ తెరిచి ఉంది. అబూ ఖాలిద్ కనిపించలేదు, కిటికీ చెక్క మీద ఆయన చెయ్యి ఒక్కటి కనిపిస్తోంది. కింది ఇంట్లో ముసలావిడ గుమ్మం పొడిగా ఉంది.

ఏడాదిగా మనసులో ఉన్న మాట అప్పుడు అడిగాను. "లచ్చన్నా, నీళ్ళ బాట అని నీకు తెలుసు. నేను కాదంటే ఊరుకున్నావేం? ఇంకోసారి గట్టిగా చెప్పకపోయావా?"

అతను నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు.

"ఒకపారి చెప్పుడు నా పని సార్. చెప్పిన. మల్ల అడుగుడు మీ పని."

ఎండు ఖర్జూరపాకు ఒకటి కొట్టుకొచ్చి కాలువలో అడ్డం పడింది, నీళ్ళు పక్కకి పొర్లడం మొదలుపెట్టాయి. గోడకి ఆనించి ఉన్న ముసలావిడ చీపురు తీసుకుని, వానలోకి దిగి, దాన్ని పక్కకి తోశాను.